ముందు నీళ్లు, తర్వాత పొడి

మార్చి 3, మంగళవారం

ఆస్పత్రి వరండాలో అందరి ముందూ ఒక మాట అనేశాను. అన్నాక అర్థమైంది, అది చేసి చూపించాల్సిన మాట అని.

అత్తగారు మొన్న బాత్రూంలో జారిపడ్డారు. ముందు వాటాలో, బావగారి బాత్రూంలో. అక్కడి టైల్స్ అద్దాల్లా ఉంటాయి. వంగితే మొహం కనిపిస్తుంది. నీళ్లు పడితే ఏది నేలో ఏది నీళ్లో తెలియదు. తుంటి దక్కింది గానీ మణికట్టు విరిగింది. మోకాళ్లు అసలే అంతంతమాత్రం. డాక్టరు కట్టు కట్టి, ఇక ఈవిడని జారే నేల మీద నడవనివ్వకండి అని చెప్పి వెళ్లిపోయారు.

డాక్టరు మలుపు తిరిగేలోపే బావగారు ఫోనులో ఏర్పాట్లు చేసేశారు. హాల్లో ఒక మూల మంచం, దాని పక్కన కర్టెన్, కర్టెన్ వెనక కమోడ్ కుర్చీ. చూసుకోవడానికి ఒక మనిషి. అత్తగారు కళ్లు మూసుకుని వింటున్నారు. నిద్ర కాదని నాకు తెలుసు. నిద్రపోతే ఆవిడ నోరు తెరుచుకుంటుంది.

హాల్లోనా అన్నాను. వచ్చేపోయేవాళ్లు కూర్చునే చోటా? కర్టెన్ ఉంటుందిగా అన్నారు బావగారు, కర్టెన్ అంటే గోడ అన్నట్టు.

"మా వెనక వాటా బాత్రూంలో గరుకు టైల్స్ వేయిస్తాను. అత్తయ్య మా దగ్గరుంటారు."

బావగారు నవ్వారు. ఎవరితో వేయిస్తావు అన్నారు. ఈ చుట్టుపక్కల తాపీ పట్టినవాడెవడైనా నా మనిషే, అందరికీ చేతినిండా పనుంది అన్నారు. అది నిజమే. ఆయన బిల్డింగ్ కాంట్రాక్టరు. మా వెనక బాత్రూం నేల పగిలి ఎన్నేళ్లయిందో. రేపు చేయిస్తా అనే మాట ఆయన ఎంత బాగా అంటారంటే, వినేవాడికి పని అయిపోయినట్టే ఉంటుంది.

మా ఆయన ఆ సేపంతా తన బూట్ల లేసులు చూసుకున్నారు.

మార్చి 4, బుధవారం

నేనూ అత్తగారూ ఉప్పూ నిప్పూ. పెళ్లయిన కొత్తలో నేను పెట్టిన టీ ఒక గుక్క తాగి, మిగతాది కిటికీలోంచి మొక్కకి పోసిన మనిషి. ఆ మొక్క చచ్చిపోతే అది కూడా నా ఖాతాలోనే వేశారు. నేను ఆడవాళ్లకి కారు నేర్పుతానంటే, బోల్తా కొట్టించడానికి వేరే వాళ్ల కూతుళ్లే దొరికారా అన్నారు.

మరి ఎందుకు నెత్తికెత్తుకున్నావు అని మా ఆయన అడిగారు. కర్టెన్ గురించి చెప్పాను. అది నచ్చకపోతే అమ్మే చెబుతుందిగా అన్నారు. ఆయన కళ్లజోళ్ల షాపులో లెన్సులు అరగదీస్తారు. ఊరందరి చూపూ సరిచేస్తారు.

మార్చి 5, గురువారం

అత్తగారిని ఇంటికి తెచ్చారు. కర్టెన్ నీలం రంగుది. కింద జానెడు తక్కువైంది.

మార్చి 7, శనివారం

మధ్యాహ్నం డ్రైవింగ్ క్లాసులు లేవు. ముందు వాటాకి వెళ్లాను. హాల్లో బావగారి సైటు మనుషులు కూర్చుని ఉన్నారు. లెక్కలు, సిమెంటు, సిగరెట్ వాసన. వాళ్ల మాటల మధ్య అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. మంచం పక్కన గ్లాసు నిండా నీళ్లు. మీద దుమ్ము తెట్టు కట్టింది. అంటే పొద్దుటి నీళ్లు.

నీళ్లు తాగండి అత్తయ్యా అన్నాను. దాహం లేదన్నారు. పెదాలు చూస్తే ఎండకి బీటలిచ్చిన నేలలా ఉన్నాయి.

వంటింట్లో తోడికోడలు గొంతు తగ్గించి చెప్పింది. వచ్చినప్పటి నుంచీ అంతేనట. మాత్ర వేసుకోవడానికి ఒక గుక్క, అంతే. చూసుకోవడానికి పెట్టిన మనిషి నేనేం చేయను అంటుందట. తాగితే కర్టెన్ వెనక్కి వెళ్లాలి కదా. ఆ చప్పుడు హాల్లో వాళ్లకి వినిపిస్తుంది కదా.

నా టీ పారబోసిన మనిషి ఇప్పుడు నీళ్లకి కూడా భయపడుతోంది. ఆవిడ నన్ను తిడితే నేను తిరిగి తిట్టగలను. ఇలా గోడ వైపు తిరిగితే ఏం చేయను?

మార్చి 9, సోమవారం

మేస్త్రి దొరికాడు. ఎక్కువ మాట్లాడడు. బాగా పెద్దవాడు. నా దగ్గర కారు నేర్చుకుంటున్న నర్సుకి తెలిసినవాడు. పాత నేల పగలగొట్టడం మొదలుపెట్టాడు. ఆ సుత్తి చప్పుడు ముందు వాటాకి వినిపించాలని తలుపులన్నీ తెరిచి పెట్టాను.

మార్చి 12, గురువారం

పాత నేల పోయింది. కొత్త కాంక్రీటు నేల మీద, నీళ్లు బయటికి పోయే జాలీ వైపుకి చక్కని వాలు పెట్టాడు. నీళ్లు పోసి చూపించాడు, ఎక్కడా నిలవలేదు. నీళ్లు కిందికి దిగకుండా పూత కూడా వేశాడు. అది ఆరాక శనివారం నుంచి టైల్స్ అన్నాడు. ఇంతకంటే మంచి మాట ఈ నెలలో నేను వినలేదు.

మార్చి 14, శనివారం

మేస్త్రి రాలేదు.

ఫోను చేశాను. వేరే పని పడిందమ్మా అన్నాడు. ఎప్పుడొస్తావంటే మాట నమిలాడు. మీ బావగారి మాట కాదని మేం ఎక్కడ బతుకుతాం అన్నాడు చివరికి. పాపం, అతన్ని ఏమీ అనలేదు. ఫోను పెట్టేశాక గోడని అన్నాను.

మా ఆయన అన్నం ముందు కూర్చుని, అన్నయ్యతో గొడవెందుకు, ఆయనకి ఖాళీ దొరికినప్పుడు ఆయనే చేయిస్తాడుగా అన్నారు. ఆ ఖాళీ దొరికేలోపు మీ అమ్మ ఎండిపోతుంది అన్నాను. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

నేనే వేస్తాను. చేతులున్నాయి. కళ్లున్నాయి. స్టీరింగ్ చూస్తే ఏడ్చే వాళ్లని రోడ్డు మీద నడిపించాను. నేల ఏం చేస్తుంది, ఎదురొచ్చి గుద్దుతుందా?

మార్చి 15, ఆదివారం

టైల్స్ తెచ్చాను. బూడిద రంగు, అరచేత్తో రాస్తే గరుకుగా పట్టుకుంటాయి. అంటించడానికి ఒక బస్తా. బస్తా మీద అడెసివ్ అని ఉంది, షాపులో అందరూ గమ్ము అంటున్నారు. ఇదివరకటిలా ఇసుకా సిమెంటూ కలపక్కర్లేదట. నీళ్లు పోసి కలిపితే చాలట. చాలట అన్నవాణ్ని మళ్లీ కనిపిస్తే అడగాలి.

బకెట్లో పొడి పోశాను. దాని మీద నీళ్లు పోశాను, చేతికి వచ్చినంత. కర్రతో తిప్పాను. అడుగున పొడి పొడిగానే ఉంది, పైన గంజిలా ఉంది. ఇంకాస్త పొడి, ఇంకాస్త నీళ్లు. చివరికి ఏదో ముద్ద తయారైంది. మొదటి వరస వేశాను. అబ్బ, ఎంత ముచ్చటగా ఉంది!

అప్పుడు బావగారు వచ్చారు. గుమ్మంలో నిలబడి, ఆడవాళ్లు తాపీ పట్టిన ఇల్లు ఇదేనా అన్నారు. నేను ఊరుకుంటానా? మగవాళ్లు పట్టిన ఇంట్లో పడే కదా అత్తయ్య చెయ్యి విరిగింది అన్నాను. అక్కడి నుంచి ఆయనొకటి, నేనొకటి. ఆయన నాకు పెట్టిన పేరు హారన్. ఈ రోజు ఆ పేరు నిలబెట్టాను. ఒక్క మాట కూడా బాకీ ఉంచలేదు.

ఆయన వెళ్లాక తిరిగి చూస్తే బకెట్లో ముద్ద బిగుసుకుపోయింది. తాపీ దిగడం లేదు. ఒక చెంబు నీళ్లు పోసి మళ్లీ తిప్పాను. మెత్తబడింది. హమ్మయ్య అనుకున్నాను. మిగతా వరసలన్నీ దాంతోనే వేశాను. ఒళ్లంతా నొప్పులు. మనసంతా పండగ.

మార్చి 16, సోమవారం, ఉదయం ఆరు

టైల్ మీద వేలి కణుపుతో కొట్టాను. డబ్ డబ్ అంది. ఖాళీ కుండలా.

చాకు మొన పెట్టి ఎత్తితే ఊడి చేతిలోకి వచ్చింది. వెనక వైపు శుభ్రంగా ఉంది, షాపులోంచి తెచ్చినట్టు. కింద గమ్ము వేలితో గీస్తే పిండిలా రాలింది. మొదటి వరస తప్ప అన్నీ అంతే. ఆ మొదటి వరస కూడా సగం సగం.

అదే రోజు, సాయంత్రం

బావగారికి ఎలా తెలిసిందో. కర్ర పట్టుకుని వచ్చి, టైల్ టైల్ మీద తడుతూ, డబ్ డబ్ అన్నచోటల్లా ఆగి నా వైపు చూశారు.

"హారన్ మోగినంత బాగా బండి నడవదమ్మాయ్."

క్లాసులో ఒకావిడ గేటుకి గుద్దితే ఈ రోజు ఆవిడ మీద అరిచాను. తర్వాత ఆవిడకి సారీ చెప్పాను. ఇంటికొచ్చి టైల్స్ అన్నీ ఊడబెరికి, వెనకాల గీకి, కడిగి, గోడకి ఆనించాను. నేల మీది గమ్ము గీకుతూంటే మా ఆయన వచ్చి చూసి వెళ్లారు. కాసేపటికి ఇంకో గీకుడు బద్ద పట్టుకుని వచ్చి, నా పక్కన కూర్చున్నారు. లెన్సు అరగదీసినట్టే, మెల్లగా, అంచుల దాకా గీకారు.

మార్చి 17, మంగళవారం

బస్తా చదివాను. మొదటి రోజు చదవాల్సింది.

ఎవరైనా కారు కొని, బ్రేకు ఎక్కడుందో గోడకి గుద్దాక వెతికితే నేనేమంటాను? అన్నీ అక్కడే ఉన్నాయి, చిన్న అక్షరాల్లో. ముందు నీళ్లు, తర్వాత పొడి. నేను తిరగేసి చేశాను. పొడి మీద నీళ్లు పోస్తే అడుగున ముద్దలు మిగులుతాయి. నీళ్లు కొలిచి పోయాలి. ఈ బస్తాకైతే తూకంలో నాలుగు పాళ్ల పొడికి ఒక పాలు నీళ్లు. చేతికి వచ్చినంత కాదు. కలిపాక కాసేపు అలాగే వదిలేయాలి, పొడికి నీళ్లు పట్టడానికి. మళ్లీ కలిపి అప్పుడు వాడాలి. బిగుసుకోవడం మొదలైతే నీళ్లు పోయకూడదు. పారేయాలి.

ఆ చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నేను పోసిన చెంబు నీళ్లతో అది మెత్తబడలేదు, చచ్చిపోయింది. మెత్తగా ఉన్నదల్లా పట్టుకుంటుందనుకున్నాను.

వంటింటి తక్కెడ తీసి కొంచెం పొడితో కలిపి చూశాను. రెండు పాత టైల్స్‌ని ఒకదానికొకటి అంటించాను.

మార్చి 18, బుధవారం

విడదీయలేకపోయాను. మా ఆయన కూడా ప్రయత్నించారు. కాళ్ల మధ్య పెట్టుకుని లాగారు. టైల్ విరిగింది గానీ అతుకు విడలేదు. ఇద్దరం నవ్వాం. ఈ మధ్య ఇద్దరం కలిసి నవ్విన గుర్తు లేదు.

ఒక్కటే చిక్కు. పెద్ద బకెట్ కర్రతో కలపడం నా వల్ల కాదు. ఎంత తిప్పినా ముద్దలు. దానికి డ్రిల్లుకి తగిలించే కలిపే చువ్వ కావాలి, కింద రెక్కలుంటాయి. బావగారి గోదాంలో గుత్తులుగా వేలాడుతుంటాయి. అడిగితే ఆ చువ్వతో నన్నే కలుపుతారు.

మార్చి 19, గురువారం

తోడికోడలు వచ్చింది. కూరగాయల సంచి నా ముందు పెట్టి, పైన ఉన్న ఆకుకూర తీసింది. కింద కలిపే చువ్వ.

సోమవారం సైటుకి కావాలి ఆయనకి, ఆదివారం సాయంత్రానికల్లా ఇచ్చెయ్ అంది. తెలిస్తే ఏమంటారక్కా అన్నాను.

ఆవిడ కుర్చీలో కూర్చుని మోచెయ్యి తిప్పి చూపించింది. పాత దెబ్బ, మచ్చలా మిగిలింది. పోయినేడు తనూ ఆ బాత్రూంలోనే పడిందట. మెట్ల మీద జారానని చెప్పిందట అందరికీ.

"ఆయన ఎంత ముచ్చటపడి వేయించుకున్నారో ఆ టైల్స్. ఎలా చెప్పను? అప్పుడు నేను చెప్పుంటే అత్తయ్య పడేది కాదు."

అలా అనొద్దు అన్నాను. ఆవిడ ఆకుకూర మళ్లీ సంచిలో పెట్టుకుని, ఇది మాత్రం నాది అని వెళ్లిపోయింది.

మార్చి 20, శుక్రవారం

చువ్వ మా డ్రిల్లుకి సరిగ్గా సరిపోయింది.

మార్చి 21, శనివారం

అత్తగారికి జ్వరం. చలికి వణికిపోయారు. డాక్టరు ఇంటికే వచ్చి చూసి, ఒంట్లో నీళ్లు లేవు, యూరిన్ ఇన్ఫెక్షన్ పట్టుకుంది అన్నారు. ఇంతమంది ఉండి ఒక మనిషికి నీళ్లు తాగించలేరా అని అందర్నీ కడిగిపారేశారు. బావగారు తల దించుకుని విన్నారు. ఆయన తల దించుకోగా చూడటం నాకు కొత్త.

తర్వాత మంచం అంచున కూర్చుని స్పూనుతో నీళ్లు పట్టబోయారు. అమ్మా, ఒక్క చుక్క. అమ్మా, నా మాట విను. అత్తగారు పళ్లు బిగించారు. నీళ్లు చెంప మీదుగా దిండులోకి పోయాయి. ఆయన తువ్వాలుతో తుడిచి మళ్లీ పట్టారు. మళ్లీ అంతే.

నేను వచ్చేస్తుంటే వరండాలో ఆపారు. గొంతులో కోపం లేదు.

"నేను కట్టిన ఇంట్లో మా అమ్మ పడింది. ఇప్పుడు నా ఇంట్లోంచి లేచి నీ దగ్గరికొస్తే, నన్ను చూసి ఇల్లు కట్టించుకునేవాడెవడు? అది కాదు... నన్ను చూసి నేనేమనుకోవాలి?"

ఆయన మీద జాలేసింది. రాస్తున్నాను గానీ ఎవరికీ చెప్పను. జాలి వేరు, బాత్రూం వేరు. రేపే వేస్తాను.

మార్చి 22, ఆదివారం

అంతా రాయాలి. వేళ్లకి ఇంకా గమ్ము పట్టి ఉంది, అక్షరాలు ఎలా వస్తే అలా.

పొద్దున పంపు తిప్పితే గాలి వచ్చింది. ట్యాంకు నుంచి మా వాటాకి వచ్చే వాల్వు ముందు వాటాలో ఉంటుంది. మూసేసి ఉంది. రిపేరు అని కబురు. నిన్న వరండాలో నా ముందు నిలబడ్డ మనిషి నిద్ర లేచేసరికి మళ్లీ కాంట్రాక్టరైపోయారు. నేను చెప్పులేసుకుని యుద్ధానికి బయల్దేరబోయాను.

మా ఆయన అడ్డం రాలేదు. రెండు బకెట్లు తీసుకుని ఎదురింటి టీచరు గారి పంపుకి వెళ్లారు. నేను కిటికీలోంచి చూశాను. తిరిగొచ్చేటప్పుడు బావగారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. ఆయన పక్క నుంచే రావాలి.

"ఏరా, ఎక్కడికి నీళ్లు?"

"మా బాత్రూంలోకి అన్నయ్యా."

"పెళ్లాం మాట పట్టుకుని నువ్వు కూడా..."

"అమ్మ నీళ్లు తాగట్లేదన్నయ్యా."

అంతే. ఆగి కాదు, నడుస్తూనే అన్నారు. బకెట్లోంచి ఒక్క చుక్క తొణకలేదు. అన్నయ్యకి ఆయన ఎదురు చెప్పగా నేను వినడం ఇదే మొదటిసారి. అది ఎదురు చెప్పడమని ఆయనకి తెలుసో లేదో! బకెట్లు నా ముందు దించి, ఇంకా కావాలా అన్నారు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. దుమ్ముకి మాస్కు పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

నేల ఊడ్చాం. దుమ్ము పోయేదాకా తడిగుడ్డతో తుడిచాం. కొలిచి నీళ్లు పోశాను. నీళ్లలో పొడి కొద్దికొద్దిగా, జల్లెడ పట్టినట్టు. డ్రిల్లు మెల్లగా. స్పీడు పెంచితే గాలి బుడగలు వస్తాయి, నేర్చుకునేవాళ్ల కాలు ఆక్సిలరేటర్ మీద ఉన్నట్టే ఉంటుంది చెయ్యి. మెల్లగా తిప్పాను. ముద్దలు ఒక్కొక్కటే కరిగాయి.

తర్వాత ఆపేయాలి. అన్నిటికంటే కష్టం ఇదే. కలిపింది కళ్ల ముందుంది, చేతులు దురద పెడుతున్నాయి, ఏమీ చేయకుండా కూర్చోవాలి. మా ఆయన గోడ గడియారం తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పొడికి నీళ్లు పట్టాక మళ్లీ ఒకసారి తిప్పాను. అప్పుడు మారింది. నున్నగా, గట్టిగా, మెరుస్తూ. తాపీతో తీసి పక్కకి వంచితే జారలేదు. పట్టుకుని ఉంది.

పళ్లున్న తాపీతో నేల మీద పరిచాను, గీతలన్నీ ఒకే వైపుకి. మొదటి టైల్ పెట్టి, నొక్కి, కొంచెం జరిపి, రబ్బరు సుత్తితో తట్టాను. రెండోది. మూడోది.

గుమ్మంలో నీడ పడింది. బావగారు వస్తారని తెలుసు.

ఏం చూసుకుని ఇంత పొగరు అన్నారు. తమ్ముణ్ని నా మీదికి ఉసిగొల్పుతావా అన్నారు. పోయిన వారం ఊడిన టైల్స్ సరిపోలేదా, మా అమ్మ మళ్లీ పడితే నువ్వు లేపుతావా అన్నారు. ప్రతి మాటకీ నా దగ్గర జవాబుంది. నాలుక చివర దాకా వచ్చింది ఒకటి. మంచిది. చాకులాంటిది. అన్నానంటే ఆయన రెండు రోజులు అన్నం తినరు.

బకెట్ వైపు చూశాను. గమ్ము నా కోసం ఆగదు. పోయిన ఆదివారం ఆయన్ని గెలిచాను, నేలని ఓడిపోయాను.

మింగేశాను. నాలుగో టైల్ తీసుకున్నాను.

ఆయన గొంతు పెంచారు. నేను పరిచాను, పెట్టాను, నొక్కాను, తట్టాను. హారన్ ఏమైంది, మోగదే అన్నారు. పరిచాను, పెట్టాను. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన మాటకి నేను కావాలని జవాబివ్వకపోవడం ఇదే మొదలు. చేతగాక కాదు. ఇంత గట్టిగా నేనెప్పుడూ ఎవరినీ ధిక్కరించలేదు.

అరవై మాటల తర్వాతో, ఆరు వందల మాటల తర్వాతో, ఒక టైల్ పెట్టి, మళ్లీ తాపీ మొనతో ఎత్తాను. చూసుకోవాలి అలా, కిందంతా అంటుకుందో లేదో. వెనక వైపు తిప్పాను. మూల నుంచి మూల దాకా గమ్ము. ఎక్కడా ఖాళీ లేదు. ఆయనకి కనిపించేలా పట్టుకున్నాను. చూపించాను, అంతే.

మాట మధ్యలో ఆగిపోయారు. మనిషి ఎంత కోపంలో ఉన్నా పని తెలిసిన కళ్లు కదా. వంగి చూశారు. టైల్‌ని చూశారు, బకెట్‌ని చూశారు, మా ఆయన ఒళ్లో గడియారాన్ని చూశారు.

"జాలీ దగ్గర వాలు చూసుకో" అని వెళ్లిపోయారు.

మొదటి బకెట్ అడుగున కొంచెం మిగిలింది. తాపీకి బరువు తగిలింది. అంత కష్టపడి కలిపింది, పారేయడానికి ప్రాణం ఒప్పలేదు. మా ఆయన నీళ్ల చెంబు వైపు చూసి నా వైపు చూశారు. వద్దన్నాను. గీకి పారేసి, బకెట్ కడిగి, కొత్తది కలిపాను. ముందు నీళ్లు.

ఎండ తగ్గేసరికి తలుపు దాకా వచ్చేశాం. వెనక్కి నడుస్తూ బయటపడ్డాం ఇద్దరం. తోడికోడలు చువ్వ తీసుకెళ్లింది. మా ఆయన దాన్ని తళతళలాడేలా కడిగి ఇచ్చారు.

మార్చి 23, సోమవారం

ఈ రోజు ఎవరూ అడుగు పెట్టకూడదు. గుమ్మానికి అడ్డంగా కుర్చీలు పెట్టి క్లాసులకి వెళ్లాను. రోజంతా తప్పు గేర్లు నేనే చెప్పాను.

మార్చి 24, మంగళవారం

నేను తట్టి చూసుకునేలోపే బావగారు కర్రతో వచ్చారు. తలుపు తీసి పక్కకి జరిగాను. గోడ అంచు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే తట్టారు. టక్. టక్. టక్. నా గుండె కూడా ఆ కర్ర కిందే ఉంది.

తలుపు వెనక మూలలో ఒకటి డబ్ అంది.

ఆయన ఆగారు. మళ్లీ తట్టారు. డబ్. అలసిపోయినప్పుడు వేసింది అది, నాకు తెలుసు, నొక్కడం చాలలేదు. ఇప్పుడు మొదలవుతుంది అనుకున్నాను.

"దీన్ని తీసి మళ్లీ వెయ్యి. మిగతావి కదిలించకు" అన్నారు.

వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, మా గోదాంలో ఒక చువ్వ కొత్తదానిలా మెరుస్తోంది, నా మనుషులు జన్మలో కడగరు వాటిని అన్నారు. మా ఆయన బూట్ల లేసులు చూసుకున్నారు. నేను ఆకాశం చూశాను. బావగారు వెళ్లిపోయారు. కాసేపటికి పంపులో నీళ్లొచ్చాయి.

ఆ ఒక్కటీ తీసి మళ్లీ వేశాను.

మార్చి 26, గురువారం

సందులన్నీ గ్రౌట్‌తో నింపాం. గోడకి పట్టుకునే కడ్డీలు బిగించాం. చెప్పుల్లేకుండా, సబ్బు నీళ్లు పోసుకుని నడిచాను. పరిగెత్తాను కూడా. మా ఆయన చూడనప్పుడు.

మార్చి 27, శుక్రవారం

అత్తగారు వచ్చారు. జ్వరం తగ్గింది గానీ మనిషి సగమయ్యారు. బావగారే స్వయంగా చెయ్యి పట్టుకుని నడిపించుకుని వచ్చారు. మా గుమ్మం దాకా వచ్చి ఆ చెయ్యి నా చేతికిచ్చారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

అత్తగారు బాత్రూం గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు. ఇదేం రంగు, పోలీస్ స్టేషన్‌లా ఉంది అన్నారు. ఆ కడ్డీ ఇంకాస్త కిందికి ఉండాల్సింది అన్నారు. ఆ మూల టైల్ ఒక్కటి వేరే రోజు వేసినట్టుందే అన్నారు. ఆవిడ కళ్లకి ఏమీ కాలేదు.

తర్వాత కాలు లోపల పెట్టారు. మడమ ఆనించి, అటూ ఇటూ రుద్ది చూశారు. నేల పట్టుకుంది. ఇంకో కాలు. నా చెయ్యి వదిలేశారు.

బయటికొచ్చి కూర్చున్నాక నీళ్లు అడిగారు. గ్లాసు ఇచ్చాను. తాగారు, మొత్తం. ఇంకో గ్లాసు అడిగారు. తోడికోడలు టవలు, సబ్బు పట్టుకుని వచ్చింది, తన స్నానానికి.

సాయంత్రం టీ పెట్టి ఇచ్చాను. ఒక గుక్క తాగి, కిటికీ ఎక్కడుంది అన్నారు అత్తగారు.

మార్చి 29, ఆదివారం

అత్తగారు లోపల గడియ పెట్టుకున్నారు. గడియ వద్దని డాక్టరు చెప్పారు. చాలాసేపయింది. నీళ్ల చప్పుడు, ఏదో కూనిరాగం. అమ్మని చూడటానికొచ్చి, తలుపు కొట్టబోయిన బావగారి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ రావాలనుకున్నప్పుడు వస్తారు.